ఒడి విప్పిన రాహేలు

ఆడమనిషిని ఆడమనిషే సోదా చెయ్యాలని చట్టంలో రాసినవాడికి దండం పెట్టాలి. రాసి ఊరుకున్నాడు మహానుభావుడు. ఆ ఆడమనిషిని ఎక్కడి నుంచి తేవాలో మాత్రం రాయలేదు. డెబ్బైల్లో మా వరంగల్ ఆబ్కారీ ఆఫీసులో మీసాలకు కొదవ లేదు గానీ, చీర కట్టిన మనిషి ఒక్కతీ లేదు. ఈ సంగతి మాకంటే ముందు గంజాయి వ్యాపారులకు అర్థమైంది. అంతే, గోదావరి అవతలి అడవుల నుంచి దిగే సరుకంతా మొగవాళ్ల సంచుల్లోంచి ఆడవాళ్ల చీరల్లోకి మారిపోయింది. మేం పరకాల బస్సు ఆపి మొగవాళ్ల ధోవతి మడతలు, చెప్పుల అడుగులు వెతుకుతుంటే, ముందు సీట్లలో కూర్చున్న అవ్వలు మమ్మల్ని చూసి ముసిముసిగా నవ్వుకునేవాళ్లు. నాకు ఒళ్లు మండిపోయేది. నేను అక్కడ జవానును, పేరు కొమురెల్లి. లాఠీ ఉంది, టోపీ ఉంది, ఏం లాభం?

అలాంటప్పుడు దొరికింది రాహేలు.

రాహేలుది పరకాల దిక్కు పల్లె. తండ్రి ఇస్సాకు ఆదివారం చర్చిలో గంట కొట్టేవాడు, మిగతా రోజుల్లో కూలికి పోయేవాడు. మిల్లులో పనిచేసే జయరాజును చేసుకుని ఆమె వరంగల్లోని మట్టెవాడకు వచ్చింది. జయరాజు మంచివాడు, అందుకేనేమో తొందరగా పోయాడు. పిల్లలు లేరు. తండ్రి కూడా పోయాక అన్నదమ్ములు రమ్మనడం మానేశారు. అయినా ఏడుస్తూ కూర్చునే రకం కాదామె. ప్రసూతి దవాఖానలో ఆయాగా చేరి, మట్టెవాడలో సగం మంది పిల్లలకు పుట్టగానే వీపు మీద మొదటి దెబ్బ తనే వేసింది.

మా అప్పటి ఇన్‌స్పెక్టరు భార్య కాన్పుకు పోతే, ఆయన యూనిఫాం తొడుక్కుని దర్జాగా వార్డులోకి నడిచాడట. "ఏయ్ టోపీ! ఎటు పోతానవ్? ఈడ ఇయ్యాల పుట్టేటోడు తప్ప ఇంకో మొగోడు ఉండొద్దు" అని రాహేలు ఆయన్ను మెట్ల దాకా తోసుకొచ్చింది. ఇంకొకడైతే ఆమె ఉద్యోగం ఊడగొట్టేవాడు. ఆయన బుర్ర ఉన్నవాడు. మరుసటి వారమే ఆఫీసుకు రమ్మని కబురు పెట్టాడు.

ఏర్పాటు ఇదీ. రాహేలుకు రోజుకూలీ. బస్టాండు మూలన మాకొక రేకుల షెడ్డు, దానికో గోనెపట్టా తెర. తెర లోపల రాహేలు, అనుమానం వచ్చిన ఆడమనిషి. తెర బయట మేము, వీపు అటు తిప్పి. లోపల్నుంచి రాహేలు "ఉన్నది" అంటే కేసు, "లేదు" అంటే సలాం. ఆమె నోటి మాట మీదే సర్కారంతా నిలబడేది. సోదాను మా దగ్గర తలాషీ అంటాం కాబట్టి, జనం ఆమెకు తలాషీ రాహేలు అని పేరు పెట్టారు.

ఆమె తలాషీ చూడాలంటే, చూడకూడదు గానీ, వినాలి. ఒకామె గుమ్మడికాయంత కొప్పుతో దిగింది. "ఏం నూనె పెడ్తానవ్ బిడ్డా? జర నాకు గూడ చెప్పు, నా నెత్తి బోడైతాంది" అని రాహేలు ప్రేమగా నిమిరింది. కొప్పు కొప్పే ఆమె చేతిలోకి వచ్చింది. ఇంకొకామె నడుం మీద చెయ్యేసుకుని ఆయాసపడుతూ దిగింది. "ఎన్నో నెల?" "ఎనిమిది." "పోయిన నెల గూడ ఎనిమిదే అంటివి గద! లోపలోనికి బయటికి రాబుద్ధి అయితలేదా?" మరొకామె అయితే బొంతలో చుట్టిన చంటిబిడ్డను గుండెకు హత్తుకుని, జో కొట్టుకుంటూ వచ్చింది. రాహేలు బొంత కొంచెం పక్కకు జరిపి చూసి, "కొడుకు మంచిగున్నడు తల్లీ, ముక్కే మర్చిపోయినవ్" అంది. నేను తెర బయట నిలబడి నవ్వు ఆపుకోలేక మీసం కొరుక్కున్నాను.

ఆ రోజుల్లో పట్టుబడితే జుర్మానా, మహా అయితే కొన్నాళ్లు జైలు, మళ్లీ అదే బస్సు. రాహేలుకు వాళ్లంతా పేర్లతో సహా తెలుసు. "ఈసారన్న మంచి పని చూస్కోండే, నా చేతులు నొస్తానయ్" అని తిట్టి పంపేది. వాళ్లూ పగ పట్టేవాళ్లు కాదు. జాతర నుంచి వస్తూ ఆమెకు పేలాలు తెచ్చిచ్చేవాళ్లు. ఆమె ముందు ఆ పేలాల పొట్లం తలాషీ చేసి, తర్వాత తినేది.

ఎనభై ఐదులో ఈ ఆటంతా చెడింది. ఢిల్లీలో కొత్త చట్టం వచ్చింది. గంజాయికి ఐదేళ్ల దాకా జైలు. దాని వెనకే మా ఆఫీసుకు వీరభద్రం సార్ ఇన్‌స్పెక్టరుగా వచ్చాడు.

వీరభద్రం సార్ బాగా చదువుకున్నవాడు. చదువుకోవడం తప్పని నేననను, ఎక్కడో ఒకచోట ఆపాలి గదా. ఆయన హైదరాబాదులో ట్రైనింగు తీసుకుని, మత్తు పదార్థాల అక్రమ రవాణా మీద రీసెర్చి చెయ్యాలని కంకణం కట్టుకుని వచ్చాడు. గోడకు జిల్లా మ్యాపు తగిలించి రంగురంగుల గుండుసూదులు గుచ్చాడు. పట్టుబడిన ప్రతి ఒక్కరికీ కుర్చీ వేసి కూర్చోబెట్టి, "అమ్మా, మీరు ఈ వృత్తిలోకి ఎలా వచ్చారు? పేదరికం వల్లనా, చెడు స్నేహం వల్లనా, సాహసం మీద మక్కువ వల్లనా?" అని అడిగేవాడు. ఒక ముసలామె చేతులు జోడించి, "నీ బాంచెన్ సారూ, నేను పరకాల బస్సుల వచ్చిన" అంది. ఆయన అది కూడా రాసుకున్నాడు.

కానీ నా చిరాకు నాకున్నా ఒక మాట ఒప్పుకోవాలి. ఆ గుండుసూదులతో ఆయన ఒక నిజం పట్టుకున్నాడు. పరకాల దారిలో మేం పట్టేదానికంటే ఎంతో ఎక్కువ సరుకు మట్టెవాడ దుకాణాలకు చేరుతోంది. ఎలా చేరుతోంది? మేం ఎవరిని ముట్టడం లేదో వాళ్ల దగ్గర. మేం ముట్టనిది ఎవరిని? ఒడిబియ్యం కట్టుకున్న ఆడబిడ్డలను.

మా దిక్కు సంగతి తెలియనివాళ్లకు చెప్తాను. పెళ్లయిన ఆడపిల్ల తల్లిగారింటికి వస్తే, పంపేటప్పుడు పసుపు కలిపిన బియ్యం, కుడుకలనే ఎండుకొబ్బరి చిప్పలు, పోకలు, రవికగుడ్డ ఆమె ఒడిలో పోసి నడుముకు గట్టిగా ముడి కడతారు. అత్తగారింట్లో దేవుడి ముందు కూర్చునేదాకా ఆ ముడి విప్పకూడదు. దారిలో విప్పితే పుట్టింటికి అరిష్టం. అందుకే రాహేలు ఇన్నేళ్లలో ఒక్క ఒడి కూడా విప్పలేదు. పక్క నుంచి చేత్తో అద్ది, "పో బిడ్డా, పైలం" అని పంపేసేది.

"ఇకనుంచి ఒడులు కూడా విప్పాలి" అని వీరభద్రం సార్ హుకుం జారీ చేశాడు.

"నాతోని గాదు సార్" అంది రాహేలు.

"ఎందుక్కాదు? మీరు క్రిస్టియన్లు. మీకు ఈ ఆచారాలు లేవు గదా. అందుకే మిమ్మల్నే చెయ్యమంటున్నాను."

"మాకు ఒడిబియ్యం లేకుంటె లేకపాయె. తల్లిగారిల్లు లేదా సార్? ఆ ముడి ఏందో నాకు తెల్వదా?"

ఆయన మెత్తగానే అన్నాడు, కానీ ఖరాఖండిగా అన్నాడు: "విప్పకపోతే విప్పేవాళ్లను చూసుకుంటాం." రోజుకూలీ మనిషికి అంతకంటే విడమరిచి చెప్పనక్కర్లేదు. రాహేలు పమిట బిగించుకుని బయటికి నడిచింది.

మరుసటి వారం పరకాల బస్సులో దిగింది చిలుకమ్మ. ఇరవై ఏళ్లుంటాయేమో, సన్నగా, మెడనిండా పసుపుతో ఉంది. ఆమె అత్తగారిది పాలకుర్తి దగ్గర పల్లె, ఇక్కడ బస్సు మారాలి. నడుముకు పెద్ద ఒడి. పక్కన అన్న మొగిలి, భుజాన కొత్త తువ్వాల, నోట్లో బీడీ. బస్సు దిగీ దిగకముందే "జర మట్టెవాడల మేనత్త ఇంట్ల ఛాయ్ తాగి పోదాం పా" అని చెల్లెలిని తొందరపెడుతున్నాడు.

"ఆ ఒడి" అన్నాడు వీరభద్రం సార్.

బస్సులోని ఆడవాళ్లు ఒక్కసారిగా భగ్గుమన్నారు. అందరికంటే ముందు రాజక్క. కూరగాయల గంపతో రోజూ ఆ బస్సులో వచ్చే మనిషి, గొంతెత్తితే పరకాల దాకా వినపడుతుంది. "ఆడబిడ్డ ఒడి ఇప్పుతరా? మీ ఇండ్లల్ల ఆడోళ్లు లేరా? ఏమే తలాషీ, నీ చేతులు పడిపోను!" అని దుమ్మెత్తిపోసింది. రాహేలు తల దించుకుని చిలుకమ్మ చెయ్యి పట్టుకుని తెర లోపలికి తీసుకుపోయింది. మొగిలి బీడీ ఆరిపోయింది, అతను గమనించలేదు. సార్ మర్యాదగా దూరం జరిగి, అతని పక్కన నిలబడ్డాడు. తెర దగ్గర నేనొక్కడినే.

"కండ్లు మూస్కో బిడ్డా" అని లోపల రాహేలు గొంతు. "ఈ పాపం నీకు తగలది. నాకే తగుల్తది."

ముడి విప్పిన చప్పుడు. బియ్యం గలగల. ఆ తర్వాత చిలుకమ్మ సన్నగా, "అక్కా, ఇవేంది? ఒడిబియ్యంల గిసొంటియి పెట్టరు గద" అంది.

"ఎవరు పోసిండ్రు?"

"మా అవ్వకు కండ్లు కనవడయి. కండ్లు మూస్కొని మొక్కమని మా అన్ననే పోసిండు, అన్ననే ముడి కట్టిండు. ఇంటికి పోయేదాక ముట్టొద్దన్నడు." ఆ మాట నోట్లోంచి వస్తుండగానే ఆ పిల్లకు సంగతి అర్థమైనట్టుంది. "అక్కా, నన్ను జైల్ల వేస్తరా? ఇంటికాడ నా పోరడు మా అత్త దగ్గర ఉన్నడు. ఇంకా నడక గూడ రాలే."

ఎంత తెలివైన వెధవ చూడండి! పట్టుబడినా నోరు విప్పని మనిషిని కాదు, అసలు ఏం మోస్తోందో చూసుకోనే చూసుకోని మనిషిని పట్టాడు. చెల్లెలి భక్తికే తాళం వేసి సరుకు పంపుతున్నాడు, ఛాయ్ సాకుతో మేనత్త ఇంట్లో దింపుకోవడానికి. ఇప్పుడు రాహేలు "ఉన్నది" అంటే ఈ పిల్లకు ఐదేళ్లు, వాడికి ఏమీ లేదు. "లేదు" అంటే గంజాయి దర్జాగా మట్టెవాడ చేరుతుంది, వచ్చే నెల మళ్లీ ఇదే ఒడి. పైగా ఇన్నేళ్లలో తెర లోపల్నుంచి రాహేలు అబద్ధం చెప్పలేదు.

గోనెపట్టా సందులోంచి గుసగుస వినిపించింది. "తమ్మీ, లాఠీ చేతులనే ఉన్నదా?"

"ఉన్నదక్కా."

"జర ఆ అన్న వెనుక పోయి నిలవడు."

రాహేలు తెర తొలగించి బయటికొచ్చింది. చిలుకమ్మ ఒడి మళ్లీ కట్టి ఉంది. ఆ పిల్ల రెండు చేతులతో దాన్ని పట్టుకుని నిలబడింది.

"ఉందా, లేదా?" అన్నాడు సార్.

రాహేలు ఆయన వైపు చూడనేలేదు. నేరుగా బస్సు ఆడవాళ్ల ముందుకు పోయి నిలబడి, చర్చిలో పాస్టరు గారి లెక్కన గొంతు సవరించుకుంది. "అమ్మా, మీకందరికి తెలిసిందే. నేను ఒడి ఇప్పిన. తప్పు నాది, హుకుం సర్కారుది. ఇప్పిన ఒడి అత్తగారింటికి పోవద్దు. పోతే పుట్టింటి దీపం ఆరిపోతది. పోసినోడే వచ్చి, ఇప్పిన జాగల్నే, తన బట్టల తిరిగి పట్టుకోవాలె. గంతేనా, కాదా?"

నేను మల్లన్నకు బోనం పెట్టే ఇంట్లో పుట్టాను. నా తల్లి, నా అత్త, ఆమె అత్త ఎవ్వరూ ఈ ఆచారం చెప్పగా వినలేదు. ఎట్లా వింటాను? అది పుట్టి గడియ కూడా కాలేదు! కానీ రాహేలు ఎంత బల్లగుద్ది చెప్పిందంటే, తెలియదంటే పరువు పోతుందని అందరికీ భయం పట్టుకుంది. ముందు ఒకామె "అవునవును" అంది. ఇంకొకామె "మా దిక్కు గూడ గంతే" అంది. రాజక్క అయితే, "మా అత్త సచ్చేదాక ఇదే మొత్తుకునేది" అని కళ్లొత్తుకుంది. ఇప్పటికీ పరకాల దిక్కు కొన్ని ఇళ్లలో ఈ ఆచారం పాటిస్తారు. నేను చెప్పబోతే నన్నే కసురుతారు.

వీరభద్రం సార్ జేబులోంచి పెన్ను తీశాడు. కొత్త ఆచారం దొరికింది గదా, రీసెర్చికి పనికొస్తుందని గబగబా రాసుకుంటున్నాడు.

"ఓ అన్నా, తువ్వాల పట్టు" అంది రాహేలు.

మొగిలి మొహంలో నెత్తురు లేదు. "మా ఇంట్ల గసొంటి ఆచారం లేదు" అన్నాడు.

"మీ ఇంట్ల లేకుంటె లోకంల లేదా?" అని రాజక్క మీదికొచ్చింది. "చెల్లె ఒడి పట్టేతందుకు నామోషా? ఏం అన్నవురా నువ్వు?"

"ఇంటికి పోయినంక పట్టుకుంట."

"ఈడనే పట్టాలె!" అని పదిమంది గొంతులు లేచాయి. ఆచారం పుట్టించింది రాహేలే గానీ, దాన్ని పెంచి పెద్దచేసింది మాత్రం ఆ ఆడవాళ్లే. మొగిలి వెనక్కి చూశాడు. వెనక నేనున్నాను. మీసం దువ్వాను.

ఇక గతిలేక తువ్వాల రెండు కొసలు పట్టుకుని చాపాడు. రాహేలు చిలుకమ్మ ముడి విప్పి, ఒడి అంచు ఎత్తి పట్టింది. పచ్చని బియ్యం జారింది. కుడుకలు దొర్లాయి, పోకలు పడ్డాయి. అందరూ దండాలు పెడుతున్నారు. ఆఖరున ప్లాస్టిక్ కవర్లో చుట్టిన మూటలు దబదబా వచ్చి తువ్వాలలో పడ్డాయి. ఒకటి పగిలి, ఆ వాసన బస్టాండంతా గుప్పుమంది.

"నాది గాదు!" అని మొగిలి అరిచాడు, ఎవరూ ఏమీ అడగకముందే. "మట్టెవాడ పోశయ్యది! దుకాణం పోశయ్యదే!" తువ్వాల వదిలేసి పరుగందుకున్నాడు. పాపం, తొందరలో నా వైపు రాకుండా ఆడవాళ్ల వైపు ఉరికాడు. నా వైపు వచ్చి ఉంటే ఒక్క లాఠీ దెబ్బతో పోయేది. రాజక్క గంప, ఇంకొకామె టిఫిన్ డబ్బా, ఎవరిదో చెప్పు, అన్నీ వాడి వీపు మీద ఆచారంగానే పడ్డాయి. "చెల్లె ఒడిల ఇసం పోస్తవురా!" అని ఒక్కొక్కరు ఒక్కో ఇంటి కోపం తీర్చుకున్నారు. చివరికి వాడే నా దగ్గరికి పాక్కుంటూ వచ్చి, "జల్ది ఠాణకు తీస్కపో అన్నా" అని కాళ్లు పట్టుకున్నాడు.

వీరభద్రం సార్ పెన్ను అలాగే పట్టుకుని రాహేలు దగ్గరికి వచ్చాడు. "ఇది ఈ అమ్మాయి ఒడిలో ఉన్నట్టా?"

"నేను ఉన్నదన్ననా సార్? లేదన్ననా? ఆయన తువ్వాలల దొరికింది. మీ కండ్లతోని మీరే చూస్తిరి, బస్సంత చూసింది."

సార్ ఆమెను చూశాడు, చిలుకమ్మను చూశాడు. అన్నేళ్లు చదివిన చదువు ఊరికే పోలేదు లెండి, ఆయనకూ మనసుంది. "తువ్వాలలో దొరికింది" అని పైకి చదువుతూ రాశాడు. సాయంత్రం కాకముందే పోశయ్య దుకాణం మీద పడ్డాం. గోదాములో గంజాయి బస్తాలు దొరికాయి. గోడ మీది మ్యాపులో అన్ని సూదులకంటే లావుది ఆయన ఆ దుకాణం మీద గుచ్చాడు.

అది తర్వాతి మాట. బస్టాండులో అప్పటికి చిలుకమ్మ నేల మీద కూలబడి ఉంది. జైలు తప్పినందుకు సంతోషపడుతుందనుకున్నాను. "నాకు ఒక్కడే అన్న" అంటూ వెక్కి వెక్కి ఏడ్చింది. "ఇగ నాకు తల్లిగారిల్లు ఎక్కడిదక్కా? ఉత్త ఒడితోని పోతే మా అత్తకు ఏం చెప్పాలె?" ఆ మొగిలిగాడికి ఇంకో రెండు వడ్డించాల్సింది.

రాహేలు రోడ్డు దాటి కిరాణా కొట్టుకు పోయింది. తన పమిట నిండా బియ్యం పోయించుకొచ్చింది. రాజక్క ఎవరినో అడిగి పసుపు తెచ్చి కలిపింది. ఒకామె తన సంచిలోంచి కుడుక తీసిచ్చింది, ఇంకొకామె రవికగుడ్డ. బియ్యం ఆ రవికగుడ్డ మీద పోసి, రాహేలు వెనక్కి జరిగి తన గోనెపట్టా తెర పక్కన నిలబడింది. "పొయ్యిండ్రమ్మా, పాలకుర్తి బస్సు పోతది" అంది.

రాజక్క దోసిలి పట్టింది. చిలుకమ్మ ఒడి చాపలేదు. "రాహేలక్క ముందుగాల పొయ్యాలె" అంది.

"నేను మొగడు లేనిదాన్ని" అంది రాహేలు. "మీ దేవుండ్ల దాన్ని గూడ గాను. నేను పోస్తే నీకు మంచిది గాదు. గసొంటి ఆచారం లేదు బిడ్డా."

చిలుకమ్మ కళ్లు తుడుచుకుని, లేచి, తెర దాకా నడిచొచ్చి ఆమె ముందే ఒడి పట్టింది. "ఇందాక ఒకటి పుట్టిచ్చినవ్ గదక్కా. ఇంకోటి పుట్టియ్యరాదూ" అంది.

రాహేలు రాజక్క వైపు చూసింది, కసురుతుందేమోనని. రాజక్క బియ్యం గుడ్డ ఆమె దగ్గరికి జరిపింది. రాహేలు వంగి దోసిలి నిండా తీసుకుంది. ఒడిలో పోస్తుంటే సగం గింజలు కింద పడ్డాయి. రాజక్క ఏదో గొణుక్కుంటూ కూర్చుని వాటిని ఏరసాగింది.